కబాలే తేనెపిట్ట కోసం కోడలితో రైలెక్కిన రోజు

మే నెల మొదట్లో ఒక ఉదయం, పిస్కాటవేలో మా అబ్బాయి ఇంటి డెక్ మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. కోడలు వేలాడదీసిన చక్కెరనీళ్ళ సీసా దగ్గరికి బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చింది. నేను సంబరపడి "అంకుందా, తేనెపిట్ట" అని పిలిచాను. ఆమె లోపలి నుంచి వచ్చి చూసి నవ్వింది. అది హమ్మింగ్‌బర్డ్ అనీ, తేనెపిట్ట వేరనీ, ఇది గాల్లో నిలబడి గబగబా తాగి పోతుందనీ, తమ ఊరి తేనెపిట్ట అయితే కొమ్మ మీద తీరిగ్గా కూర్చుని పెద్దమనిషిలా తాగుతుందనీ చెప్పింది. చెబుతూ ముక్కు ముందు వేలు వంచి, ఆ పిట్ట ముక్కు ఎలా ఉంటుందో చూపించింది. ఆ పిల్ల నవ్వి వారాలైంది. ఆ నవ్వు ఇంకోసారి చూడాలనిపించింది. ఈ ప్రయాణం పెట్టుకోవడానికి నాకున్న కారణం అదొక్కటే.

అంకుంద మా కోడలు. పేరు మొదటిసారి విన్నప్పుడు ముకుంద అని వినబడి, మగపిల్లాడి పేరేమిటి అనుకున్నాను. వాళ్ళది యుగాండాలో, కొండల మధ్య కబాలే అనే ఊరు. ఫార్మసీలో ఎమ్మెస్ చేయడానికి ఇక్కడికి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరింది. అప్పుడే మా కిరణ్‌తో పరిచయం, ఆ తరవాత పెళ్ళి. ఇప్పుడు ఎనిమిదో నెల. కాన్పుకి వాళ్ళమ్మ రావాలని నెల తప్పినప్పటి నుంచే అనుకున్నారు. ఆవిడ కోసం మెత్తటి చెప్పులు, చలికోటు కూడా కొని పెట్టింది ఈ పిల్ల. విజిటర్ వీసా రాలేదు. ఆ వార్త తెలిసిన రోజు నుంచి అంకుంద వాళ్ళమ్మకి వీడియో కాల్ చేయడం మానేసింది. మొహం చూస్తే ఏడుపు ఆగదని మెసేజీలతో సరిపెట్టేది. తిండి కూడా తగ్గిపోయింది. పెరగాల్సినంత బరువు పెరగడం లేదని డాక్టర్ రెండుసార్లు చెప్పింది. నేను ఒంగోలు నుంచి ఆరు నెలలుండేలా వచ్చాను. పప్పు వండినా పులుసు పెట్టినా "బాగుంది అత్తయ్యా" అనేది, సగం వదిలేసేది. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ సాయంత్రం కిరణ్ నెట్‌లో వెతికితే, నది దాటాక పెన్సిల్వేనియా వైపు ఒక చిన్న పక్షిశాలలో ఆఫ్రికా తేనెపిట్టల జంట ఉందని తెలిసింది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. చిన్నచోటు, జనం ఎక్కువైతే పక్షులు బెదురుతాయి, పేరు రాయొద్దని వాళ్ళే అడిగారు. కిరణ్‌కి ఆఫీస్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, ఉన్న సెలవులన్నీ కాన్పు కోసం దాచుకున్నాడు. నేను తీసుకెళ్తానన్నాను. అప్పటిదాకా ఈ దేశంలో ఒక్కదాన్ని వీధి చివరి పార్కు దాటి వెళ్ళింది లేదు, అందుకని వాడు నా వైపు అనుమానంగానే చూశాడు. కారైతే అంకుంద డ్రైవ్ చేయాలి, ఆ పొట్టతో స్టీరింగ్ ముందు కూర్చోవడం కష్టం. డాక్టర్‌ని అడిగితే, మధ్యమధ్య కాళ్ళు చాపుకుని విశ్రాంతి తీసుకుంటూ రైల్లో వెళ్ళిరమ్మంది.

బుధవారం బయల్దేరాం. మీరూ ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ రద్దీ తగ్గాక, తొమ్మిది దాటాక ఎక్కండి, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఇంటి నుంచి ఎడిసన్ స్టేషన్‌కి క్యాబ్ బుక్ చేసుకున్నాం. ప్లాట్‌ఫాం మీద మెషీన్‌లో ట్రెంటన్‌కి టికెట్ తీసుకోవాలి. అరవై రెండు దాటినవాళ్ళకి సగం ధరే, వయసు తెలిపే కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. ట్రెంటన్ ముప్పావు గంట లోపే వస్తుంది. అక్కడ ఫిలడెల్ఫియా వైపు వెళ్ళే రైలు మారాలి, దానికి టికెట్ వేరే. స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది, మెట్ల గురించి భయపడక్కర్లేదు. ట్రెంటన్ దాటగానే డెలావేర్ నది మీద వంతెన వస్తుంది. దాని మీద వెళ్తుండగా లోపలి బిడ్డ తన్నినట్టుంది, అంకుంద నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టింది. మళ్ళీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేనూ చెయ్యి తీయకుండా వంతెన అయిపోయేదాకా అలాగే ఉన్నాను.

లెవిట్‌టౌన్ స్టేషన్‌లో దిగి మళ్ళీ క్యాబ్ ఎక్కాం. డ్రైవర్ తెల్లగడ్డం సర్దార్‌జీ. నా చీర చూసి హిందీలో పలకరించారు. నాకు వచ్చిన నాలుగు ముక్కల హిందీలో ఒంగోలు ఎక్కడుందో చెప్పాను. కాసేపటికి ఆయన అద్దంలోంచి అంకుందని చూసి, ఈ అమ్మాయి మిమ్మల్ని చూసుకోవడానికి పెట్టుకున్న మనిషా అని అడిగారు. ఆయన గొంతులో తక్కువ చేయడం ఏమీ లేదు, ఇక్కడ ఆయన చూసిన ముసలివాళ్ళ పక్కన అలాంటి అమ్మాయిలే ఉండి ఉంటారు.

"కాదు భాయిసాబ్, నేనే ఈ అమ్మాయిని చూసుకుంటున్నాను. మా కోడలు," అన్నాను.

ఆయన చాలా నొచ్చుకుని రెండుసార్లు మన్నించమన్నారు. దిగేటప్పుడు తనే వచ్చి తలుపు తీసి, అంకుందకి ఇంగ్లీషులో ఆశీర్వాదం చెప్పారు. ఏం జరిగిందని ఆమె అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నా. "నిజంగా అలాగే అన్నారా, మీరు నన్ను చూసుకుంటున్నారని?" అని మాత్రం అడిగింది.

పక్షిశాల అంటే ఒక గాజుఇల్లు. ప్రవేశ రుసుము తలకి పదిహేను డాలర్ల లోపే. లోపల మన ఆగస్టు నెల వాతావరణం, ఉక్క, తడిమట్టి వాసన. అంకుందని చూడగానే అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ చక్రాల కుర్చీ తెచ్చారు. వద్దని మొహమాటపడి, పది అడుగులు వేశాక తనే అడిగి కూర్చుంది. ఆవిడ మమ్మల్ని ఒక మూలకి తీసుకెళ్ళి, ఇక్కడ ఉండండి, నేను తేనెనీళ్ళు మార్చే వేళైంది, అప్పుడు వస్తాయి అన్నారు. ఆ మూలంతా బూజు వేలాడుతోంది. ఇంత శుభ్రమైన చోట ఇదేమిటని నేను చూస్తుంటే, కావాలనే దులపకుండా వదిలేశామని చెప్పారు. ఆడపిట్ట సాలెగూళ్ళు తీసుకెళ్ళి గూడు కుట్టుకుంటుందట. చూస్తే నిజమే, ఒక సన్నకొమ్మ చివర ఎండుగడ్డితో, పీచుతో అల్లిన చిన్నసంచి వేలాడుతోంది. పక్కన కన్నం, దాని మీద చూరులాంటి చిన్న కప్పు. కాసేపటికి ఆడపిట్ట వచ్చింది. మట్టిరంగులో, పక్కనే ఉన్నా ఎవరూ గుర్తుపట్టని పిట్ట. బూజు పోగు ఒకటి ముక్కుకి చుట్టుకుని వెళ్ళి, ఆ సంచికి అద్ది, పొట్టతో నొక్కి, మళ్ళీ బూజు కోసం వచ్చింది. అంకుంద కళ్ళార్పకుండా చూసింది.

తేనెనీళ్ళ గొట్టం పెట్టిన కొన్ని నిమిషాలకే మగపిట్ట దిగింది. ఏం రంగులండీ. తల, వీపు నీలమూ ఆకుపచ్చా కలిసి, కదిలినప్పుడల్లా పట్టుచీర అంచు తిప్పినట్టు మెరుస్తున్నాయి. గొంతు కింద ఊదారంగు పట్టీ. వంపు తిరిగిన నల్లటి ముక్కు. కోడలు చెప్పినట్టే కొమ్మ మీద సర్దుకుని కూర్చుని, గొంతు తడుపుకుంటూ తాగింది. పొట్ట మాత్రం లేతపసుపు, మన ముద్దపప్పు రంగు. నేను ఆనందంగా కోడలి వైపు చూశాను. ఆమె మొహం ముడుచుకుపోయి ఉంది.

"ఇది మాది కాదు అత్తయ్యా," అంది.

వాళ్ళ ఇంటి దగ్గరి పిట్టకి ఛాతీ కింద నిప్పురంగు ఉంటుందట, నారింజ రంగు పసుపులోకి దిగుతున్నట్టు. ఇంతదూరం వచ్చి తప్పు పిట్టని చూశామంది. ఆ మాట గట్టిగానే వచ్చింది. ఆ పెద్దావిడ విని, మమ్మల్ని గోడ మీది బొమ్మల పలక దగ్గరికి పిలిచారు. ఆఫ్రికా పటం మీద ఒకే పిట్టని వేరువేరు చోట్ల వేరువేరు పొట్టలతో గీశారు. పడమటి దేశాల్లో పసుపు, ఇథియోపియాలోనూ పసుపే. సోమాలియా వైపు ఎండిపోయిన నేలల్లో పూర్తిగా తెలుపు. పెద్ద సరస్సుల పక్కన, యుగాండా రువాండా కొండల్లో నారింజ. తూర్పున కెన్యా, టాంజానియాల్లో మళ్ళీ పసుపు, ఇక్కడున్న జంట పెద్దలు ఆ వైపు నుంచి వచ్చినవట. తల, వీపు, గొంతుపట్టీ, పాట అన్నీ దాదాపు ఒకటే, జాతి కూడా ఒకటేనని, అందుకే ఇంగ్లీషులో దీన్ని వేరియబుల్ సన్‌బర్డ్ అంటారని చెప్పారు. నారింజ పొట్టదాన్ని తాను బొమ్మలోనే చూశానని, మీ దగ్గర ఫొటో ఉంటే చూపించమని అంకుందని అడిగారు.

అంకుంద దగ్గర ఫొటో లేదు. వంటింటి గుమ్మం దగ్గర రోజూ తిరిగే పిట్టని ఎవరు ఫొటో తీస్తారంది. ఆ గుమ్మం పక్కన నారింజపూలు గుత్తులుగా పూసే మొక్కలున్నాయట. ఆమె ఫోన్‌లో అలాంటి మొక్క బొమ్మ చూపిస్తే మన చేల గట్ల మీది రణభేరి మొక్కలాగే ఉంది. మీ అమ్మని అడిగితే ఇప్పుడు తీసి పంపదా, అక్కడింకా చీకటి పడలేదు కదా అన్నాను. ఇక్కడ పగలు పదకొండున్నర, అక్కడ సాయంత్రం ఆరున్నర. అంకుంద ఫోన్ తీసింది, నంబర్ దాకా వెళ్ళింది, అక్కడ ఆగిపోయింది. కాసేపు చూసి ఫోన్ నా చేతిలో పెట్టి, మీరు చేయండి అంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌ని. సరిగా వినబడని లైన్‌లో ఎలా మాట్లాడాలో నాకు బాగా అలవాటు. చిన్నమాట అనాలి, ఆగాలి, అవతలి మాట పూర్తిగా వచ్చేదాకా కంగారు పడకూడదు. వాళ్ళమ్మ ఎత్తారు. తలకి గుడ్డ కట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నారు. పెళ్ళప్పుడు ఫోన్‌లో పరిచయం అయినప్పటి నుంచి నేను ఆవిడని వదినగారూ అనే పిలుస్తాను. ఆవిడకి ఆ పిలుపు ఇష్టం, తనూ నన్ను అలాగే ఏదో అంటారు, "వాదిన" అని వినబడుతుంది. నేను గొట్టం దగ్గరి పిట్టని చూపించాను. ఆవిడ ఒక్క క్షణం చూసి తల ఊపి, తమ భాషలో ఏదో అడిగారు. నేను ఫోన్ అంకుంద వైపు తిప్పాను.

తల్లీకూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆవిడ మళ్ళీ అదే మాట అడిగారు. అంకుంద కుర్చీలోంచి కాళ్ళు కాస్త ముందుకు చాపి, ఫోన్‌ని వాటి మీదికి వంచింది. కాళ్ళు వాచాయేమో చూపించమందట. వాచాయి. చెప్పులు వదులు చేసుకోమని, ఎత్తులో పెట్టుకోమని, ఉప్పు తగ్గించమని వరుసగా చెప్పారు ఆవిడ. అంకుంద సరే, సరే అంటూనే ఏడవడం మొదలుపెట్టింది. అన్నాళ్ళూ లోపల పెట్టుకున్నదంతా ఆ గాజుఇంట్లో, ఆ పిట్ట ముందు బయటికి వచ్చింది. పక్షిశాల ఆవిడ మెల్లగా దూరంగా వెళ్ళిపోయి, ఆ మూలకి ఎవరూ రాకుండా నిలబడ్డారు. నేను కోడలి వీపు మీద చెయ్యి వేసి నిమిరాను. ఏడుపు సగంలో ఫొటో సంగతి గుర్తొచ్చి అంకుంద అడిగితే, ఆవిడ ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచారు. పూలు కనబడ్డాయి, పిట్ట లేదు. పొద్దుగూకింది, గూటికి పోయి ఉంటుందన్నారు.

తరవాత ఆవిడ నాతో మాట్లాడాలన్నారు. ఫోన్ నా వైపు తిరిగింది. ఆవిడ నన్నే చూస్తూ, తమ భాషలో నెమ్మదిగా చెప్పారు. అంకుంద విని, ఇది నేను చెప్పలేను అంది. చెప్పమ్మా అన్నాను.

"నేను పుట్టినప్పుడు మా అమ్మమ్మ పట్టుకుందట. నా బిడ్డని తను పట్టుకోవాలనుకుందట. ఇప్పుడు మీరు పట్టుకోండి అంటోంది. తను ఏడవదట. మిమ్మల్ని కూడా ఏడవొద్దంటోంది."

ఏడవకుండా ఉండటం నా వల్ల కాలేదు. అవతల ఆవిడకీ కాలేదు. కాసేపటికి తేరుకుని ఆవిడ, పిల్ల తింటోందా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగారు. తినడం లేదని నిజం చెప్పేశాను. ఆవిడ కూతుర్ని మందలించి, నాతో ఒబుషెర చేసి ఇవ్వమన్నారు. అదేమిటో నాకు తెలియదు. మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన చిరుధాన్యం పిండితో కాచే పల్చటి జావ అని అంకుంద వివరించింది. జొన్నతోనూ చేస్తారు, రాగులతోనూ చేస్తారు. రాగి జావే కదా అన్నాను. కడుపుతో ఉన్నప్పుడు నేను తాగిందీ అదే. నెలరోజులుగా ఇడ్లీలు, దోసెలు వేసి బతిమాలుతున్నాను కానీ, జావ కాచి ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు, అడగాలని ఆమెకీ తోచలేదు.

తిరుగు ప్రయాణంలో ఎడిసన్‌లో దిగకుండా ఇంకో రెండు స్టేషన్లు ముందుకు, మెట్రోపార్క్‌కి వెళ్ళాం. అక్కడి నుంచి ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్ దగ్గరే, క్యాబ్‌లో పది నిమిషాలు కూడా పట్టదు. మీరు ఆ దారిన వెళ్తే మధ్యాహ్నం భోజనం అక్కడే పెట్టుకోండి. మేం వెళ్ళిన చిన్న టిఫిన్ సెంటర్‌లో వంటచేసే ఆవిడ గుంటూరు వైపు మనిషి. అంకుంద పొట్ట చూసి, అడగకుండానే పెసరట్టు మీద అల్లం తగ్గించి, ఉల్లిపాయ వేసి తెచ్చారు. అంకుంద మొత్తం తినేసింది. మొలకెత్తిన రాగుల పిండి ఎక్కడ దొరుకుతుందని నేను అడిగితే, ఆవిడ కిటికీలోంచి ఎదురుగా ఉన్న కొట్టు చూపించి, పిండి తాజాగా ఉందో లేదో వాసన చూసి మరీ తీసుకోమన్నారు. రెండు ప్యాకెట్లు కొన్నాం. రైలు, క్యాబ్‌లు, టికెట్లు, తిండి అన్నీ కలిపి ఇద్దరికీ నూట యాభై డాలర్ల చిల్లర అయింది. అందులో సగం పైగా క్యాబ్‌లకే, కాబట్టి ఎవరైనా స్టేషన్‌లో దించితే చాలా కలిసొస్తుంది.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. అంకుందని సోఫాలో కాళ్ళు ఎత్తి పెట్టుకుని పడుకోమని, నేను స్టవ్ దగ్గరికి వెళ్ళాను. మనవైపు కాచినట్టే, ముందు పిండిని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, కలుపుతూ ఉడికించాను. ఉప్పూ మజ్జిగా వేయబోతుంటే ఆమె సోఫాలోంచే వద్దని, కొంచెం చక్కెర చాలని చెప్పింది. గ్లాసులో పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, అమ్మ చేసేదానికన్నా చిక్కగా ఉందంది. వేడినీళ్ళు కలిపి మళ్ళీ ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసింది, ఇంకొకటి అడిగింది. రెండో గ్లాసు సగంలో ఉండగా చెప్పింది.

"కాన్పు గదిలోకి ఇద్దరిని రానిస్తారు అత్తయ్యా. కిరణ్ ఒకరు. రెండో పేరు అమ్మదే రాసి ఇచ్చాను, ఇంతవరకు మార్చలేదు. మీ పేరు రాయనా?"

రాయమన్నాను. జావ కాచిన గిన్నె కడిగే మిషతో సింక్ దగ్గరికి వెళ్ళి చాలాసేపు కడిగాను.

ఇది రాస్తున్నప్పటికి మనవరాలు పుట్టి మూడు వారాలు. పక్కగదిలో నిద్రపోతోంది, అందుకే ఇంత తీరిగ్గా రాయగలిగాను. ఆ రోజు పట్టుకోమన్న మాట నిలబెట్టుకున్నాను. ఏడవొద్దన్న మాట మాత్రం రెండోసారి కూడా నిలబడలేదు. ఆ పిట్ట గురించి నేను చాలాసార్లు అనుకుంటాను. అంకుంద కోరుకున్న నారింజ పొట్ట పిట్టే అక్కడ కనబడి ఉంటే, ఎంత బాగుందో అని మెచ్చుకుని, ఇద్దరం నాలుగు ఫొటోలు తీసుకుని ఇంటికి వచ్చేసేవాళ్ళం. తనది కాని రంగు చూసేసరికి తనది ఎంత దూరంలో ఉందో ఆ పిల్లకి ఒక్కసారిగా తెలిసింది, అమ్మని పిలవక తప్పలేదు. కోడలిని నవ్వించాలని బయల్దేరాను. ఆమెకి కావలసింది ముందు ఏడవడమని నాకు తెలియదు. నవ్వు దాని వెనకే వచ్చింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కబాలేకి వీడియో కాల్, మా వదినగారికి మనవరాలి స్నానం చూపించాల్సిందే. నీళ్ళు ఎక్కువ పోస్తున్నానని అక్కడి నుంచి నన్ను కోప్పడుతుంటారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఏ పక్షిశాలకైనా ముందురోజు ఫోన్ చేసి, తేనెనీళ్ళు ఏ వేళకి మారుస్తారో కనుక్కోండి. చిన్నపిట్ట కదా అని ఆ పచ్చదనమంతా గాలించుకుంటూ తిరగకండి, కాళ్ళనొప్పులు తప్ప ఏమీ మిగలవు. ఆ వేళకి వెళ్ళి, గొట్టానికి ఎదురుగా, మీతో వచ్చినవాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. అదే వస్తుంది.